ఇంద్రధనుస్సు మీద మా అత్తయ్య దండయాత్ర

మా అత్తయ్య మనుషుల్ని క్షమిస్తుంది గానీ రంగుల్ని క్షమించదు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం ఆవిడ పని. ఆ బొమ్మల కింద నాలుగు మాటలు రాయడం నా పని. "నీ మాటలు తీసేసినా పుస్తకం నిలబడుతుందిరా. నా రంగులు తీసేస్తే అది కరెంటు బిల్లులా ఉంటుంది" అని మొహం మీదే అనేది.

పక్కింటాయన ముచ్చటపడి గోడకు నీలం వేయించుకుంటే గేటు దగ్గరే నిలదీసింది.

"ఏమండీ, ఇది సంతోషం నీలం అనుకున్నారా? జలుబు నీలం! చూస్తుంటేనే నాకు ముక్కు కారుతోంది."

పాపం, ఆయన ఆ సాయంత్రమే తుమ్మడం మొదలుపెట్టాడు.

"భయానికి నలుపు వేయొచ్చుగా అత్తయ్యా" అన్నాను ఓసారి.

"ఎవడు చెప్పాడు నీకు? దుప్పటి ముసుగేసుకుంటే లోపలంతా నలుపే. పిల్లలు హాయిగా దాక్కునేది అందులోనే! భయమంటే ఆసుపత్రి వరండా పచ్చ."

ఇలాంటి మనిషికి పొగరని పేరు పెట్టారు. వింటే నాకు ఒళ్ళు మండేది. కుర్చీకి ఓ కాలు కురచైతే వడ్రంగిని తిట్టొచ్చట. పసివాడి ఏడుపుకి రంగు తప్పితే మాత్రం ఎవరూ నోరెత్తకూడదట!

అసలు గొడవ ఎలుగుబంటి పుస్తకంతో వచ్చింది. అందులో ఓ బుల్లి ఎలుగుకి అమ్మమ్మ పోతుంది. ఆ పేజీ నిండా అత్తయ్య బూడిదరంగు వేసింది. మధ్యలో ఖాళీ కుర్చీ, దాని ముందు బుల్లి ఎలుగు. అంతే. తర్వాతి పేజీల్లో రంగులు కొద్దికొద్దిగా తిరిగొస్తాయి.

ప్రచురణకర్త పెదవి విరిచాడు. "మేడం, పిల్లల పుస్తకం కళకళలాడాలి. ఇది చూస్తే కొనేవాళ్ళు పారిపోతారు. వెనకాల ఓ ఇంద్రధనుస్సు పడేద్దాం."

"అమ్మమ్మ పోయిన పూట ఇంద్రధనుస్సా! మీ ఇంట్లో ఎవరైనా పోతే బ్యాండుమేళం పెట్టిస్తారా?"

"పిల్లలకి అంత దుఃఖం ఎందుకండీ?"

"మనం ఇస్తున్నామా? వాళ్ళ దగ్గర ముందే ఉంది!"

ఆయన బుద్ధిగా తలూపాడు. ఊపినవాడు ఊపినట్టే వెళ్ళి, మాకు తెలియకుండా కంప్యూటరులో ఇంద్రధనుస్సు అతికించేశాడు. ప్రెస్సులో మిషను నడిపే ఆయన తెలిసినవాడు కాబట్టి అచ్చుకు ముందు ఫోన్ చేసి చెప్పాడు. అత్తయ్య ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని పరుగెత్తింది. మిగిలిన జతతో నేనూ వెంటపడ్డాను. వెళ్ళడంతోనే కాగితం కట్టల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ముందు నన్ను అచ్చెయ్యండి!"

ప్రచురణకర్త ఆదరాబాదరాగా వచ్చాడు. "ఒక్క పేజీకి ఇంత రాద్ధాంతమా మేడం?"

"అట్ట మీద నా పేరు తీసెయ్యండి. ఆ పేజీ మాత్రం ఉండాలి."

ఆ మాటన్నది ఎవరు? తన పేరు టమాటా ఎరుపులో పడిందని లోగడ ఓ అట్ట మొత్తం మళ్ళీ వేయించిన మనిషి! ప్రచురణకర్త ఆవిడ మొహంలోకి చూశాడు. ఏం కనబడిందో మరి, "పేరూ ఉంటుంది, పేజీ కూడా ఉంటుంది. ముందు మీరు దిగండి" అన్నాడు.

"బూడిదరంగు కోసం పేరు వదులుకుంటావా?" అనడిగాను దారిలో.

"అది నా రంగు కాదురా" అంది. నా చెప్పు నాకిచ్చేసి, తన చెప్పు లాక్కుని ముందుకు నడిచింది.

పుస్తకం వచ్చిన రోజు అది పట్టుకుని కింది వాటాలో ఉండే పాప దగ్గరికి వెళ్ళాం. అసలు సంగతి వాళ్ళమ్మ చెబితే తెలిసింది. పెంచిన అమ్మమ్మ పోయాక ఆ పాప మాట్లాడడం మానేసింది. అందరూ బెలూన్లు ఇచ్చి నవ్వించబోయేవారు. మా అత్తయ్య మాత్రం రంగులడబ్బాతో వెళ్ళి, పక్కన చతికిలబడి, "నీకెలా ఉందో కలుపు" అందట. పాప కలిపిందే ఆ బూడిదరంగు. దాన్ని ఎవర్నీ మార్చనివ్వనని అత్తయ్య మాటిచ్చిందట.

పాప ఆ పేజీ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత ఆఖరి పేజీ తీసి, ఎలుగు నవ్వుతున్న చోట వేలు పెట్టి, మొహం చిట్లించింది.

"ఇక్కడ పసుపు బాలేదు."

అత్తయ్య రంగుకు వంక! అదీ ఇన్నాళ్ళకు నోరు విప్పిన పాప నుంచి! అత్తయ్య ముక్కుపుటాలు అదిరాయి. నోరు తెరిచింది. మూసింది.

"ఏదీ, ఎలా ఉండాలో నువ్వే చూపించు" అంటూ రంగులడబ్బా ముందుకు జరిపింది.

పాప కలిపింది. కొత్త పుస్తకానికి కొంత, అత్తయ్య ముక్కుకి కొంత పూసి, వెనక్కి జరిగి చూసి, "ఇప్పుడు బాగుంది" అంది.

ఆ ముక్కుతోనే మా అత్తయ్య సాయంత్రం దాకా వీధంతా తిరిగింది.