అక్కను కొట్టిన చెయ్యి

ఈ చలికాలం మొదట్లో నాకొక వింత బద్ధకం పట్టుకుంది. పొద్దున ఎనిమిదైనా మంచం దిగబుద్ధి కాదు. దిగినా చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టేది, పేపరు పట్టుకుంటే రెండో పేజీ తిప్పకముందే కళ్లు మూతలు పడేవి. అరవై దాటినవాణ్ణి గదా అని నేను సరిపెట్టుకున్నాను గానీ మా కోడలు సరిపెట్టుకోలేదు. ఒక ఉదయం రక్తం తీసే అమ్మాయిని ఇంటికే పిలిపించింది, అన్నం తినే వేళకు ఫలితం ఆమె ఫోనులోకి వచ్చింది, సాయంత్రానికి డాక్టరు చీటీ, మరునాడు పరగడుపున గోలీ. థైరాయిడ్ తగ్గిందట. "ఏం గాదు మామా, దినాం ఒక్క గోలీ, గంతే" అని చెప్పి, నేను మళ్లీ పడుకుంటే తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి పోయింది. ఆ తలుపు అంత మెల్లగా మూసుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. ముసలాయన జబ్బుకు భయపడ్డాడని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. ఇదే జబ్బుతో, ఇదే ఆర్మూర్‌లో, ఇట్లాగే పగలు నిద్రపోయినందుకు మా అక్కను నేను కట్టెతో కొట్టానని వాళ్లకెవరికీ తెలియదు.

నా ఈడు వాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో మా ఇళ్లలో మాట కంటే ముందు చెయ్యి లేచేది. మా నాయన ఎడ్లను కొట్టిన ములుగర్రతోనే మమ్మల్నీ కొట్టేవాడు, ఆయన పోయాక ఆ పని అమ్మ తీసుకుంది. బీడీలు చుట్టే చేతివేళ్లు అంత సన్నగా ఉండి అంత గట్టిగా ఎట్లా తగిలేవో ఇప్పటికీ నాకు అంతు పట్టదు. ముగ్గురిలో పెద్దది అక్క, నడుమ అన్న, చివర నేను. మా ముగ్గురిలోనూ ధైర్యం అక్కదే. పెళ్లికి ముందు పసుపు దుకాణాల్లో సన్నటి కొమ్ములూ గుండ్రటి మండలూ వేరుచేసే కూలికి పోయేది. ఒకరోజు ఒకడు ఆమె కొంగు పట్టుకుంటే చేతిలోని ఇనుప తట్టతో వాడి నెత్తి పగలగొట్టి, వాడు రక్తం తుడుచుకుంటూ లేచేసరికి తను మళ్లీ కూర్చుని ఏరుకుంటోంది. అప్పటి మార్కెట్ నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంటుంది. పసుపు దుమ్ము గాలిలో నిలబడి ఉండేది, మనుషుల కనుబొమ్మలు పచ్చగా ఉండేవి, రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో, నేను కాంటా దగ్గర పని చేసిన చోట, తాగునీటి కుండ కూడా పచ్చగానే ఉండేది. ఆ కుప్పల మధ్య అక్క నడిచొస్తుంటే హమాలీలు పక్కకు జరిగేవాళ్లు.

ఎనభైల తొలి ఏళ్లలో ఆమెను మోర్తాడ్ వైపు ఒక పసుపు రైతుకిచ్చి చేశాం. బావ మంచివాడనే అనుకున్నాం, రెండేళ్లు మంచివాడిగానే ఉన్నాడు. ఆడపిల్ల పుట్టిన తర్వాత కబుర్లు మారాయి. అక్క పొద్దెక్కేదాకా లేవడం లేదట, పొయ్యి మీద ఎసరు పెట్టి మరిచిపోతోందట, నాలుగు మాటలకు ఒక మాట బదులిస్తోందట. ఆ తర్వాత బావ కొడుతున్నాడని తెలిసింది. ఒకరోజు పట్టపగలు చంటిపిల్లను చంకనేసుకుని అక్క బస్సు దిగి మా వాకిట్లోకి వచ్చింది. పైపన్ను ఒకటి విరిగింది, చెంప కమిలింది, ముఖమంతా ఉబ్బి కళ్లు గీతల్లా అయిపోయాయి. అమ్మ ఆ ముఖం చూసి గుండెలు బాదుకుంది. మేమేమీ అడగలేదు. అన్న చూరులోంచి కర్ర తీశాడు, నేనొకటి తీశాను, అక్కను దించిన బస్సు మళ్లీ మోర్తాడ్ వైపు పోతుంటే అదే ఎక్కాం.

బావ కళ్లంలో ఎండిన పసుపు తిరగేస్తున్నాడు. మమ్మల్ని చూసి పలకరించడానికి నోరు తెరిచాడు. అన్న మొదటి దెబ్బ ఆ నోటి మీదే వేశాడు. నేను కాళ్ల మీద కొట్టాను. పసుపు మీద పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. తలకు అడ్డం పెట్టుకున్న కుడిచేతి మీద అన్న దెబ్బ పడ్డప్పుడు పచ్చి కట్టె విరిగిన చప్పుడైంది. ఆ చప్పుడుకు నాకు లోపల సంతోషం కలిగిందని ఈ వయసులో దాచుకోలేను. ఊరివాళ్లు వచ్చి మమ్మల్ని పట్టుకుని ఈడుస్తుంటే బావ నేల మీదనుంచి అరిచాడు: "మీ అక్క మనిషి గాదురా, మొద్దు! నెల దినాలు మీ ఇంట్ల పెట్టుకొని సూడుండ్రి. మీరు కొట్టకుంటే నా పేరు మార్సుకుంట!"

పెద్దమనుషులు కూర్చున్నారు, అక్క పుట్టింట్లోనే ఉండాలన్నారు. మేం గెలిచినట్టే తిరిగాం.

అక్క చెంప మీది మచ్చలు పదిరోజుల్లో పోయాయి. వాపు పోలేదు. దాన్ని మేం గమనించలేదు, గమనించినా ఇంటి తిండికి ఒళ్లు చేసిందనుకున్నాం. ఆమె మాట మగవాడి మాటలా బొంగురుపోయింది, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది, మోచేతులు చేపపొలుసుల్లా పగిలాయి. ఎండాకాలం మొదలైనా గొంగడి కప్పుకుని ఎండలో కూర్చునేది. ఒకప్పుడు అమ్మను మించి బీడీలు చుట్టిన మనిషి, ఆకు కత్తిరించి చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయేది. మొదటి నెల అమ్మ జాలిపడింది, రెండో నెల సణిగింది, మూడో నెల చెయ్యి చేసుకుంది. అన్న చెంబు విసిరాడు. నేను మాత్రం కొట్టలేదని లోపల గొప్పగా ఉండేది.

ఆ ఏటి ఆఖరి పసుపు ఉడకబెట్టే రోజులు. ఆ రోజు దుకాణానికి సెలవు పెట్టి నేనూ మా చేను దగ్గరే ఉన్నాను. పెద్ద కడాయిలోంచి ఉడికిన పసుపు తీసి నేల మీద కుప్పలు పోస్తున్నాం, పొగలు కక్కుతోంది. పిల్లను చూస్తుండమని అక్కను గోనెసంచుల దగ్గర కూర్చోబెట్టాం. ఉన్నట్టుండి పిల్ల కేక వినిపించింది. తిరిగి చూస్తే పాకుతూ పాకుతూ కుప్పలోకి వచ్చేసింది. నేను దూకి ఎత్తుకునేసరికి ఎడమ కాలు మోకాలి దాకా బొబ్బలెక్కి చర్మం నా చేతికే అంటుకుంది. పిల్లను అమ్మ చేతుల్లో పెట్టి చూశాను. అక్క సంచులకు ఆనుకుని నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బిడ్డ అంతగా గుక్కపెట్టి ఏడుస్తుంటే నిద్రపోతోంది.

పొయ్యి పక్కనున్న కట్టె తీసుకున్నాను. ఎన్ని దెబ్బలు కొట్టానో లెక్క తెలియదు, భుజం మీద, వీపు మీద, లేవబోతే తొడల మీద. అన్న వచ్చి ఆపుతాడనుకుంటే నిలబడి చూశాడు. ఇన్నేళ్లయినా నన్ను వదలనిది ఒకటుంది: అక్క చేతులు అడ్డం పెట్టుకోలేదు. దెబ్బ పడ్డాక కొంతసేపటికి గానీ ఆమె ముఖంలోకి నొప్పి వచ్చేది కాదు, అది వచ్చేలోపు నేను ఇంకొకటి వేసేవాణ్ణి. చివరికి నా చెయ్యే అలిసిపోయింది. ఆమె మెల్లగా, ఎక్కడో బావిలోంచి మాట్లాడినట్టు, "బిడ్డకేమైందిరా?" అని అడిగింది.

మూడోరోజు అమ్మ ఆమెను ధర్పల్లి దాటాక ఒక ఊళ్లోని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోదామంది. అక్క గొంతు వినగానే అతను ఇది ఆడమనిషి గొంతు కాదన్నాడు, ఒంట్లో ఎవడో మగవాడు చేరాడన్నాడు. అక్క జుట్టు గుంజకు కట్టి చింతబరికెలతో మొదలుపెట్టాడు. పేరు చెప్పమని వాడు అరవడం, అక్క తన పేరే చెప్పడం, తన పేరు చెప్పినందుకే మళ్లీ కొట్టడం. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో అక్క తల వాలిపోయింది, దయ్యం దిగిందన్నాడు. నేను చెయ్యి పట్టుకుని చూస్తే నడి ఎండలో ఆ చెయ్యి బావిరాయిలా చల్లగా ఉంది. జుట్టు విప్పడం ఆలస్యమవుతుందని అన్న కొడవలితో కోసేశాడు. దారిన పోయే జీపును ఆపి నిజామాబాద్‌కు తీసుకుపోయాం.

అక్కడ ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో ఒక డాక్టరమ్మ చూసింది. ముందు వీపు చూసి, మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా చూసి, ఎవరు కొట్టారని అడిగింది. అన్న బావ పేరెత్తాడు. ఇవి ఇవాళ్టివి గదా అందామె. అప్పుడు అక్క కళ్లు తెరిచి ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ చెప్పింది: "ఎవలని చెప్పాలె డాక్టరమ్మా? అందరు కొట్టిండ్రు."

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. నాడి పట్టుకుని గడియారం వైపు చాలాసేపు చూసింది, మెడ తడిమింది, ఆ తర్వాత రబ్బరు తల ఉన్న చిన్న సుత్తితో మడమ వెనక ఒక దెబ్బ వేసింది. పాదం ఎగిరింది, తిరిగి రావడానికి మాత్రం చాలాసేపు పట్టింది, నిద్రలో మనిషి పక్క మారినట్టు మెల్లగా వచ్చింది. ఆమె మమ్మల్ని దగ్గరికి పిలిచి మళ్లీ కొట్టి చూపించింది. మెడలో ఉండే ఒక గ్రంథి పని మానేసిందనీ, దాని రసం లేకపోతే గుండె దగ్గర్నుంచి పేగుల దాకా, ఆలోచన కూడా, అన్నీ ఇట్లాగే నెమ్మదిస్తాయనీ, కాన్పు తర్వాత కొందరికి ఇట్లా అవుతుందనీ చెప్పింది. "బద్ధకం కాదు, దయ్యం కాదు. మీరు కొట్టినకొద్దీ లేవడానికి ఆమె ఒంట్లో ఏమీ మిగల్లేదు" అంది. మా అన్న అంత మనిషి గోడకు తల ఆనించాడు.

రక్తం తీసి హైదరాబాద్‌కు పంపారు, ఫలితం రావడానికి పదిరోజులు పట్టింది, ఆ పదిరోజులు ఆమెను దవాఖానలోనే వెచ్చగా కప్పి ఉంచారు. తర్వాత బియ్యపు గింజకంటే కాస్త పెద్దదైన తెల్లటి గోలీ. మొదట సగం, కొన్ని వారాలకు ఒకటి, పరగడుపున నీళ్లతో, చాయ కూడా తర్వాతే. నెలన్నరకోసారి రక్తం చూపించుకోవాలి, జీవితాంతం మానకూడదు. ఆ గోలీలు అప్పుడు ఆర్మూర్‌లో దొరికేవి కావు. బస్సులో జక్రాన్‌పల్లి మీదుగా ఆమెను నిజామాబాద్ తీసుకుపోవడం, సీసా తేవడం నా పని అయింది; ఎవరూ నాకు అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. బస్సులో పక్కపక్కనే కూర్చునేవాళ్లం, మాట్లాడుకునేవాళ్లం కాదు. మూడోసారి పోయినప్పుడు అక్క కిటికీ మూయకుండా వదిలేసింది, చలి పెట్టడం లేదంది. ఐదోసారి కండక్టరుతో పోట్లాడింది. అంతకంటే తీపి మాటలు నేనెప్పుడూ వినలేదు.

ఏడాది తిరగకముందే ఒక ఉదయం, మార్కెట్ జోరుమీదున్న వేళ, నేను కాంటా దగ్గర బస్తా సర్దుతుంటే హమాలీలు పక్కకు జరగడం కనిపించింది. తలెత్తి చూస్తే అక్క. పొట్టిగా మొలిచిన జుట్టు, దిగిపోయిన వాపు, పాత నడక. నా ముందు నిలబడి కుడిచేతితో చెంప మీద కొట్టింది. కళ్లు బైర్లు కమ్మాయి. తేరుకునేలోపు రెండోది పడింది.

"మొదటిది నాది. గిది నా బిడ్డ కాలుది," అంది. "చేతిల బలమొచ్చిందా అని డాక్టరమ్మ అడిగింది తమ్మీ. వచ్చిందని చెప్పు."

సేఠు, రైతులు, కూలీలు అందరూ చూస్తుండగా నేను ఆ పసుపు కుప్ప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె కొంగుతో నా ముఖం తుడవలేదు, క్షమించానని కూడా అనలేదు. ఇంటికి పోయి బీడీలు చుట్టుకుంది.

బావ చెయ్యి వంకరగా అతుక్కుంది. రెండేళ్లకు ఆయన తనంతట తాను వచ్చి వాకిట్లో నిలబడితే అన్నా నేనూ ఆయన కాళ్లు పట్టుకున్నాం. అక్క మాత్రం ముందు నాతో దవాఖానకు రా, డాక్టరమ్మ చెప్పేది నీ చెవులతో విను, ఆ తర్వాత సంగతి అంది. ఆయన విన్నాడు, ఆమె ఆయన వెంట కాపురానికి పోయింది. తొంభైలలో ఒకసారి అత్తగారు దినాం మందేందని సీసా దాచేస్తే, మళ్లీ ముఖం ఉబ్బడం మొదలయ్యేలోపే గుర్తుపట్టి ఎద్దులబండిలో ఆమెను బస్సు దాకా తెచ్చింది బావే. ఆ తర్వాత ఆయన ఆమె మీద చెయ్యెత్తలేదు. ఎత్తబుద్ధి కాలేదో, వంకరచెయ్యి లేవలేదో నేనెప్పుడూ అడగలేదు. మా మేనకోడలికి మోకాలి కింద ఆ మచ్చ ఉంది, నడక బాగానే ఉంటుంది.

ఇప్పుడు ఏ ఇంటికి పోయినా ఫ్రిజ్ మీదో అద్దం ముందో ఆ గోలీల సీసా కనిపిస్తుంది, పెళ్లి భోజనాల దగ్గర ఆడవాళ్లు తమ రక్తం లెక్కలు కూరల సంగతి మాట్లాడుకున్నంత తేలిగ్గా మాట్లాడుకుంటారు. వింటుంటే నాకు సంతోషంగానే ఉంటుంది. కానీ మంచం మీద పడుకుని ఈమధ్య నేను మా చిన్నప్పటి వీధిని ఇల్లిల్లూ గుర్తు చేసుకుంటున్నాను. చివరింట్లో ఒకామె ఉండేది. ఉబ్బిన ముఖం, బొంగురు గొంతు, వేసవిలోనూ దుప్పటి. మొగుడు వెళ్లగొట్టాడు, పుట్టింటివాళ్లు కొట్టాల్సినంత కొట్టి వదిలేశారు. పిల్లలం ఆమె మీద రాళ్లు వేసేవాళ్లం, రాయి తగిలాక ఆమె తిరిగి చూడటానికి పట్టే సమయం చూసి నవ్వుకునేవాళ్లం. ఒక చలికాలం పొద్దున ఆమె లేవలేదు. అప్పుడు మేం ఆమెను ఏమని వెక్కిరించేవాళ్లమో నాకు బాగా గుర్తుంది. ఆమె పేరు మాత్రం, ఎన్ని రోజులుగా ఆలోచిస్తున్నా, గుర్తు రావడం లేదు.