ఇసుకలో ఎడమవైపు అచ్చు

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు, కరోనా తగ్గి క్రీడా వసతిగృహాలు మళ్లీ తెరిచిన ఏడాది వేసవిలో, నన్ను విజయనగరం నుంచి ఎచ్చెర్ల దగ్గర పెట్టిన సైక్లింగ్ శిబిరానికి ప్రధాన శిక్షకురాలిగా వేశారు. హోదా పేరు పెద్దదే గానీ పని ఒక్కటే. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలకు రోడ్డు సైకిలు నేర్పి, వేసవి చివర టైమ్ ట్రయల్ పెట్టి, రాష్ట్ర జట్టుకు పనికొచ్చేవాళ్లను పంపాలి. టైమ్ ట్రయల్ అంటే గుంపుగా కాకుండా ఒక్కొక్కరే గడియారంతో పడే పోటీ. నాకు తోడు అప్పన్న అనే మెకానిక్ ఉండేవాడు. ఆమదాలవలస మనిషి, చేతి పని శుభ్రం, నోరు మాత్రం ఆగదు.

ఇప్పుడు ఈ సంగతి రాయడానికి కారణముంది. ఈమధ్య ఎవరింట్లో చూసినా రోడ్డు సైకిలు కొంటున్నారు. "మావాడు సన్నగా ఉంటాడు, కూర్చుంటే నొప్పంటున్నాడు, మెత్తటి సీటేదైనా చెప్పండి" అని నాకు ఫోన్లు చేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. సన్నటివాళ్లకు మెత్తటి సీటు అనేది మన జాలిలోంచి పుట్టిన ఆలోచన, సైకిలుకు దాంతో పనిలేదు. కూర్చున్నప్పుడు బరువంతా పిర్రల కింది రెండు ఎముకల మీద ఆనాలి. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ ఎముకలు దిగబడిపోతాయి, మధ్యలోని మెత్త పైకి తన్నుకొచ్చి నరాలను నొక్కుతుంది. గంట తిరిగేసరికి తిమ్మిరి, మర్నాటికి పుండు. కాబట్టి సీటు గట్టిగానే ఉండాలి, మధ్యలో గాడి ఉండాలి, వెడల్పు ఆ రెండు ఎముకలకు సరిపోవాలి. మనిషి సన్నగా ఉంటే ఎముకల మధ్య దూరం కూడా తక్కువే అనుకోవడం ఇంకో పొరపాటు. ఒంటిని చూసి ఆ దూరం చెప్పడం ఎవరి తరమూ కాదు. కొలవాల్సిందే.

నూకరత్నం భావనపాడు నుంచి వచ్చింది. వాళ్లది చేపలవేట కుటుంబం. అందరూ రత్నం అనేవాళ్లు. గట్టిగా గాలి వీస్తే పడిపోతుందేమో అన్నంత సన్నం. సైకిలెక్కితే మాత్రం మిగతా పిల్లలు దాని వెనక చక్రం చూస్తూ తొక్కాల్సిందే. వచ్చిన వారానికే నాకు ఒకటి కనిపించింది. ఎత్తూ పల్లం లేని రోడ్డు మీద కూడా ఆ పిల్ల మాటిమాటికీ పెడళ్ల మీద లేచి నిలబడుతోంది. అలా నిలబడితే సీటు కరుస్తోందని అర్థం. అడిగితే, "నొప్పి నేదు మేడమ్" అంది. గదిలోకి తీసుకెళ్లి తలుపేసి చూశాను. ఎడమవైపు పుండు పడింది, చెప్పకుండా దాచుకుంది.

శిబిరం నియమం ప్రకారం పుండు మానకపోతే పిల్లను ఇంటికి పంపేయాలి. ఆ మాట అనగానే నా చెయ్యి పట్టేసుకుంది. "పంపకండి మేడమ్. ఇంటికాడుంటే ఏడుస్తాది. సైకిలు మీదుంటేనే ఏడవదు" అంది. వాళ్లమ్మ గురించి అనుకున్నాను.

సైకిలుతో వచ్చిన సీటు బాగా ఇరుకుది. సన్నటి పిల్లకి సన్నటి సీటని అప్పన్న మార్చలేదు. మార్చే ముందు కొలత తీయాలి. దానికి పట్నాల్లో ఏవేవో యంత్రాలున్నాయి. మేం నాగావళి ఇసుకతో పని కానిచ్చేవాళ్లం. రేకు ట్రేలో తడి ఇసుక పోసి, చదును చేసి, రసమట్టం పెట్టి సమంగా ఉందో లేదో చూస్తాం. దాన్ని తక్కువ ఎత్తు బల్ల మీద పెట్టి, పిల్లను కూర్చోబెట్టి, హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు వంగమంటాం. లేచాక ఇసుకలో రెండు పల్లాలు మిగులుతాయి. ఒకదాని నడిమి నుంచి రెండోదాని నడిమికి దూరం కొలిచి, పైన ఇంకో రెండు వేళ్ల మందం కలిపితే సీటు వెడల్పు తేలుతుంది.

రత్నం లేచాక చూస్తే ఎముకల దూరం అది కూర్చుంటున్న సీటు కన్నా ఎక్కువే. అక్కడికి నా అనుమానం తీరింది. కానీ రెండు అచ్చులూ ఒకలా లేవు. కుడివైపు అచ్చు పిచ్చుక కూర్చుని లేచినట్టు ఉంది. ఎడమవైపుది ట్రే అడుగు రేకు కనిపించేంత లోతు.

ఇసుక సరిగ్గా తడవలేదనుకుని మళ్లీ కలిపించాను. మళ్లీ అంతే. ట్రేని అటు ఇటు తిప్పి కూర్చోబెట్టాను. ఎడమే లోతు. చివరికి పిల్లను బయటికి పంపి నేనే కూర్చున్నాను. నేను రత్నానికి రెండింతలుంటాను, దాచుకోవాల్సిందేమీ లేదు. నేను లేచాక అడుగు రేకు కనిపించలేదు. అప్పన్న ట్రేలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు. "ఆ పిల్ల ఒక్కర్తే కూకుందేటి మేడమ్?" అన్నాడు. పిచ్చి వాగుడు కట్టిపెట్టమన్నాను. అతను ఆ ఇసుకని గేటు బయట పారబోసి చేతులు కడుక్కుని వచ్చాడు.

ఒక పక్క బరువు ఎక్కువ పడితే ముందుగా కాళ్ల పొడవు చూపించాలి. శ్రీకాకుళంలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఎక్స్‌రే తీసి కాళ్లు రెండూ సమానం, వెన్ను నిటారుగా ఉంది, ఈ పిల్లకేమీ లేదన్నారు. కాటా మీద నిలబెట్టినా ఆ ఒంటికి ఉండాల్సిన బరువే చూపించింది.

అప్పటి నుంచి మోటారు సైకిలు మీద దాని వెనకే వెళ్తూ గమనించడం మొదలుపెట్టాను. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు రత్నం ఎడమ చెయ్యి హ్యాండిల్ మీంచి లేచి వచ్చి నడుం పక్కన గుండ్రంగా ఒదిగిపోయేది. వేళ్లు కొంచెం వంగి, దేన్నో కింద నుంచి ఆసరాగా పట్టుకున్నట్టు ఉండేవి. గతుకు వస్తే ఆ చెయ్యి బిగిసేది. ఆడవాళ్లం, ఆ భంగిమ మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండలో కూడా నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. అయినా నేను శిక్షకురాలిని కదా, పక్కకి వెళ్లి, "ఒసే, రెండు సేతులూ హ్యాండిల్ మీదెట్టు" అని అరిచాను. పెట్టింది. పెట్టగానే సైకిలు ఎడమకు తూలింది.

ఆ ఆదివారం వాళ్లమ్మ కామమ్మ కూతురి కోసం ఎండుచేపలు పట్టుకుని వచ్చింది. పిల్ల ఎప్పుడైనా పడిందా, నడుముకు దెబ్బ తగిలిందా అని అడిగాను. అలాంటిదేమీ లేదంది. తర్వాత చిన్న కూతురు సిట్టి గురించి చెప్పింది. కామమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్లెంట తిరిగేది, సిట్టిని రత్నమే చంకన వేసుకుని పెంచింది. ఒక ఉదయం ఒడ్డున వల లాగుతూ అందర్నీ చెయ్యి వెయ్యమన్నారు. రత్నం చెల్లిని ఇసుక మీద దింపి వల దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అల తీసుకుపోయింది. పిల్ల దొరకలేదు.

"అప్పట్నుంచి ఎడమ సంకన ఏటీ ఎట్టుకోదు మేడమ్. బిందె కూడా కుడేపే మోస్తాది. ఆ సంక కాళీ నేదంటాది" అంది కామమ్మ. ఏడవకుండా, ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. ఏడ్చేది ఆవిడ కాదని అప్పుడు నాకు తెలిసింది.

తెలిసి ఏం చేయాలి? దుఃఖానికి సీటు కొలత ఉండదు. పుండుకు ఉంటుంది. నేను నా వృత్తి నేర్పిన పని చేశాను. ముందు వెడల్పు సరిపోయిన గట్టి సీటు, మధ్యలో గాడి ఉన్నది, వేయించాను. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు మడమ ఆని కాలు చాపుకునేంత ఎత్తులో బిగించి, రసమట్టం పెట్టి సీటు సమం చేయించాను. మాటిమాటికీ పెడళ్ల మీద లేవడం తగ్గింది. ఎడమవైపు పుండు మాత్రం మానలేదు, బరువంతా అక్కడే ఆనుతోంది కాబట్టి. అలాంటప్పుడు చేసేది ఒకటుంది. సీటు కింద రెండు ఇనప కడ్డీలుంటాయి, వాటినే రెయిల్స్ అంటాం. వాలే వైపు రెయిల్ కింద పలచటి రేకు ముక్క పెడితే ఆ పక్క కొంచెం లేచి నడుము సమానమవుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అప్పన్న చేత ఎడమ రెయిల్ కింద రేకు పెట్టించి, సైకిలును షెడ్డులో, ఉన్నచోటే చక్రాలు తిరిగే రోలర్ మీదికి ఎక్కించి రత్నాన్ని తొక్కమన్నాను.

చూడముచ్చటగా తొక్కింది. నడుము నిటారు, చేతులు రెండూ హ్యాండిల్ మీద, పాదాలు గడియారంలా తిరిగాయి. నా పని నాకు నచ్చింది. దిగి నిలబడ్డాక మాత్రం రత్నం సైకిలు వైపు చూడలేదు. కింద నేల మీద, తన ఎడమ పక్కన, దేన్నో వెతుకుతోంది. వంగి చూసింది, షెడ్డు మూలకి వెళ్లి చూసింది. "దించీసినారు మేడమ్" అంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది. అక్కడి నుంచి వెళ్లి మంచం ఎక్కి, సైకిలు ముట్టనంది.

కాసేపటికి నేను వరండాలో కూర్చుని ఉండగా షెడ్డు లోంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఆకలి ఏడుపు కాదు, దెబ్బ తగిలిన ఏడుపూ కాదు. ఎత్తుకోమని చేతులు చాపి నిలబడి ఏడుస్తారే, అది. శిబిరంలో పసిపిల్లలు లేరు. చుట్టుపక్కల ఇళ్లు లేవు. పిల్లి అనుకుని లేచి వెళ్లాను. షెడ్డు గుమ్మంలో అప్పన్న స్పానరు పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాడు. "మేడమ్, నోపల ఎవులూ నేరు" అన్నాడు. లోపల సైకిళ్లు, రోలరు, నేల మీద మధ్యాహ్నపు ఎండ. ఏడుపు మాత్రం మా మోకాళ్ల ఎత్తు నుంచి వస్తోంది. నాకు భయం వేసింది. ముప్పై ఏళ్ల సర్వీసులో రోడ్ల మీద చాలా చూశాను, అంతగా భయపడింది అప్పుడే.

రేకు ముక్క తీసేయమన్నాను. అప్పన్న గుమ్మం దాటకపోతే స్పానరు లాక్కుని నట్టు నేనే విప్పాను. రేకు లాగి పారేసి, రత్నాన్ని లేపుకొచ్చి సైకిలు ఎక్కించాను. అది ఎక్కి, ఎప్పటిలా ఎడమకు వాలి, చెయ్యి నడుం పక్కకి తెచ్చుకుంది. ఏడుపు ఎక్కిళ్లతో తగ్గి ఆగిపోయింది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రం నుంచి నా లెక్క మార్చుకున్నాను. ఆ వాలు తీసేయడం మానేసి వాలుకే సీటు కుదర్చాలి. శాస్త్రంలో అదీ తప్పు కాదు. గట్టిగా, వెనక భాగం ఇంకొంచెం వెడల్పుగా ఉండే సీటు తెప్పించి, దాని ముక్కును, అంటే ముందు కొసను, వెంట్రుకవాసి పక్కకి తిప్పి, ఎడమ ఎముక అంచు మీద కాకుండా సీటు నడిమిన ఆనేలా బిగించాం. పుండు ఎండడం మొదలుపెట్టింది. ఇక మిగిలింది చెయ్యి. ట్రయల్‌లో మలుపు దగ్గర ఒంటి చేత్తో తిరిగితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాట చెబితే రత్నం, "ఒగ్గీలేను మేడమ్" అంది, వదిలేస్తే పడిపోతుందన్నట్టు.

నాకు విసుగొచ్చింది. విసుగులోనే నోటికొచ్చింది అన్నాను. "అదింకా సంటిదేటే? నువ్వు పట్టుకోకు. దాన్నే నిన్ను పట్టుకోమని సెప్పు."

రత్నం నావైపు తేరిపార చూసింది. చంకనెక్కిన పిల్లలు కాస్త పెద్దయ్యాక కాళ్లు నడుముకు పెనవేసి, భుజం దగ్గర బట్ట పిడికిట పట్టుకుంటారు, మోసేవాళ్ల చెయ్యి ఖాళీ అవుతుంది. ఇంట్లో పిల్లలున్న ఎవరికైనా తెలిసిన సంగతే. ఆ పిల్ల తల ఎడమకు వంచి గొంతు తగ్గించి ఏదో చెప్పింది. నేను వినదలచుకోలేదు, లోపలికి వచ్చేశాను.

ట్రయల్ రోజు మలుపు దగ్గర నేను నిలబడ్డాను. రత్నం రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉంచి, సైకిలు వాల్చి, తూలకుండా తిరిగింది. నా ముందు నుంచి పోతున్నప్పుడు చూశాను. జెర్సీ ఎడమ భుజం దగ్గర, గాలికి ఎగరాల్సిన చోట, గుప్పెడంత బట్ట ముడతపడి బిగుసుకుని ఉంది. రాష్ట్ర జట్టుకు దాని పేరు నేనే రాసి పంపాను.

నా రిటైర్మెంటుకు కొంచెం ముందు రత్నం మళ్లీ వచ్చింది, ఎడమవైపు నొప్పి మొదలైందని. ఒంటి బరువు పెరగలేదు, అదే సన్నం. ఇసుక తడిపి కూర్చోబెట్టాను. కుడివైపు అచ్చు పాతదే. ఎడమవైపు లోతు పట్టడానికి రేకు ట్రే చాలలేదు. ఆ చోట ఇసుక పక్కలకి ఒరిగిపోయింది, కింద రేకు సొట్ట పడింది. నేను ఆ సొట్టని వేలితో తడిమి చూశాను. రత్నం నవ్వింది. "పెరుగుతాది కదా మేడమ్. సిట్టికి ఇప్పుడు బడికెల్లీ వయసు" అంది.

అప్పన్న మాట్లాడకుండా వెళ్లి ఇంకో సీటు తెచ్చాడు.

ఈ అనుభవం వల్ల నా పనిలో రెండు మార్పులు వచ్చాయి. సీటు అడిగినవాళ్లను కాటా ఎక్కించడం మానేశాను, ఇసుక మీదే కూర్చోబెడతాను. ఇక సీటు ఒకసారి కుదిరింది కదా అని వదిలేయను. తొక్కే మనిషి పెరగకపోయినా సరే, ఏటేటా మళ్లీ కొలవాలి.