మరియమ్మగారి గేదె క్లెయిమ్

2022 వర్షాకాలం. కొత్తపేట దగ్గర లంక ఊళ్లకు నేను పశుసంవర్ధక సహాయకుణ్ణి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు.

వరదకు లంక మునిగితే పశువులన్నిటినీ ఏటిగట్టు మీదికి తోలారు. వాటిలో మరియమ్మగారి పాడిగేదె ఒకటి. భర్త పోయాక ఆ పాల మీదే ఆవిడా, మంచాన పడ్డ అత్తగారూ బతుకుతున్నారు. గేదెకు ప్రభుత్వ సాయంతో బీమా ఉంది. బీమా చేసిన పశువు చెవికి నంబరున్న పసుపు బిళ్ల వేస్తాం. దాన్ని ఇయర్ ట్యాగ్ అంటాం. పశువు చనిపోతే, చెవికి ట్యాగ్ కనిపించేలా ఫోటో తీయాలి. లేకపోతే క్లెయిమ్ రాదు.

గట్టు మీద తడికి గేదె చెవి కుళ్లి పురుగు పట్టింది. ట్యాగ్ కోసి తీసి, పుండు కడిగి మందు వేశాను.

"ఇది దాచండి. పుండు మానగానే కొత్తది వేస్తాను" అన్నాను.

"ఆయ్, అలాగేనండి."

ట్యాగ్ తీసిన సంగతి ఆ రోజే రిజిస్టరులో రాయాలి. రేపు రాద్దాంలే అనుకున్నాను. బద్ధకమే, ఇంకేం కాదు. వారం తిరక్కుండా గురకవ్యాధితో గేదె చచ్చిపోయింది.

క్లెయిమ్ విచారణకు మా పశువుల ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు వచ్చారు. మరియమ్మగారు కొంగుముడి విప్పి, శుభ్రంగా కడిగిన బిళ్లను ఆయన చేతిలో పెట్టారు.

"చెవికి ఉండాల్సింది నీ దగ్గరుందేంటమ్మా? ఎవరు తీశారు?"

ఆవిడ నావైపు చూశారు.

"నేనే తీసేనండి. పురుగు పట్టిందని, తియ్యకూడదని తెలీక కోసేసేనండి."

నేను నోరు విప్పలేదు. క్లెయిమ్ కొట్టేశారు.

ఆయన జీపు వెళ్లాక అడిగాను. "అలా ఎందుకు చెప్పేరండీ?"

"మీరు చెప్తారేమోనని కాసేపు చూసేనండి. చెప్పలేదు. ఉద్యోగానికి భయపడుతున్నారని నేనే చెప్పేసేనండి" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ నెలలోనే ఆవిడ రొయ్యల తలలు తీసే పనికి చేరారు. చల్లటి నీళ్లలో నానీ నానీ వేళ్లు పాసిపోయాయి. అత్తగారు పగలంతా ఒంటరిగా మంచం మీదే.

ఇప్పుడు ఏ రోజు పని ఆ రోజే రాస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకూ అదే చెబుతాను. వాళ్లకు చెప్పనిది ఒకటుంది. నా చేత్తోనే తీశానని రాసిచ్చి ఉంటే ఆ క్లెయిమ్ వచ్చేదని తర్వాత తెలిసింది. నాకు మహా అయితే ఒక మెమో ఇచ్చేవారు.