చోక్ మీద చెయ్యి

కరెంటు పోయింది. మా ఇంటి కింద జిరాక్స్ షాపాయన జనరేటరు బయటికి లాక్కొచ్చి తాడు గుంజడం మొదలుపెట్టాడు. ఎంత గుంజినా అది దగ్గిందే తప్ప లేవలేదు. కాసేపటికి పచ్చి పెట్రోలు వాసన మెట్లెక్కి మా బాల్కనీ దాకా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "చోక్ లోపలికి నెట్టవయ్యా, ఇంకెంత తాగిస్తావు దానికి" అని బజారంతా వినపడేలా అరిచాను. ఆయన తలెత్తి వింతగా చూశాడు. ఈ హెడ్మిస్ట్రెస్‌కు జనరేటరు సంగతులెందుకని కాబోలు. ఆయనకేం తెలుసు. ఆ వాసనతో నేను రెండేళ్ళు కాపురం చేశాను. ఆ రెండేళ్ళూ ఒక పాత కారు స్టీరింగ్ నా చేతిలో ఉండేది, చోక్ ముత్తమ్మ మేడం చేతిలో ఉండేది.

భద్రాచలం దాటాక చర్ల దారిలో, అడవి అంచున ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు ఆమె హెడ్మిస్ట్రెస్. అక్కడికి దగ్గర్లోనే ఒక కోయగూడెంలో పుట్టారు. ఆ గూడెంలో పది పాసైన మొదటి ఆడపిల్ల ఆమే. నేను బోనకల్ నుంచి లెక్కల టీచరుగా అక్కడికి వెళ్ళింది రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళలో. చేరిన రోజు నా సర్టిఫికెట్లు పక్కన పెట్టి ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "కారు నడుపుడు వస్తదా విజయా?" అని. మా అన్న నేర్పాడని గొప్పగా చెప్పాను. ఆ ఒక్క ముక్క మింగేసి ఉంటే నా రెండేళ్ళు హాయిగా గడిచేవి.

ఆ కారు సారపాక కాగితం మిల్లులో రిటైరై ఊరికి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర మేడం కొన్నది. అప్పటికే ముసలిది. మొదట్లో ఆమే నడిపేవారట. వరండా మెట్ల మీద జారి ఎడమ మడమ విరిగాక క్లచ్ తొక్కలేకపోయారు, బడి పనుల మీద ఎక్కడికి వెళ్ళాలన్నా డ్రైవర్ని నేనే అయ్యాను. చోక్ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెప్పాలి. డ్యాష్‌బోర్డు కింద నల్లటి గుండీ ఒకటి ఉంటుంది. పొద్దున్నే ఇంజను చల్లగా ఉన్నప్పుడు దాన్ని బయటికి లాగితే పెట్రోలు ఎక్కువగా పోయి బండి లేస్తుంది. వేడెక్కేకొద్దీ దాన్ని మెల్లమెల్లగా లోపలికి నెట్టాలి. నెట్టడం మరిస్తే నల్లపొగ. తొందరపడి నెట్టేస్తే ఆగిపోతుంది. అవసరానికి మించి లాగితే ముక్కు పగిలే వాసన కొట్టి మొండికేస్తుంది. ఇంతే విద్య. ఈ మాత్రం నాకు రాదా? ఎమ్మెస్సీ లెక్కలు చదివినదాన్ని. కానీ నా చెయ్యి అటు పోయేలోపే పక్క సీట్లోంచి మేడం చెయ్యి వచ్చి దాని మీద కూర్చునేది.

"ఆగు. అది ఇంక నిద్రల ఉంది" అనేవారు, ఇంజనుకు కునుకు పట్టినట్టు. "వాగు దాటినంక సగం నెడదాం. చెక్‌పోస్టు కాడ మొత్తం." వాగు దాటేవాళ్ళం, ఆమె సగం నెట్టేవారు. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర మిల్లుకు వెళ్ళే వెదురు లారీల వెనక ఆగితే, ఇంజను చప్పుడు చెవి పెట్టి విని, తల అడ్డంగా ఊపి, మళ్ళీ కాస్త బయటికి లాగేవారు. యాక్సిలరేటరు నా కాలి కింద, చోక్ ఆమె చేతిలో. ఒక బండిని ఇద్దరు నడిపితే ఎలా ఉంటుందో నన్నడగండి. నేను తొక్కాలనుకున్నప్పుడు ఆమె నెట్టేవారు, నేను తగ్గించినప్పుడు ఆమె లాగేవారు. అత్తా కోడలూ ఒకే కూరలో ఉప్పేసినట్టుండేది మా వ్యవహారం.

ఒకసారి భద్రాచలం బస్టాండు ఎదురుగా బండి ఆగిపోయింది. వెనక బస్సు ఒకటే హారను. గుండ్లు చేయించుకుని గుడి నుంచి వస్తున్న ఒక కుటుంబం ఆగి మరీ మమ్మల్ని చూస్తోంది. ఎర్రటి ఎండ. నాకు చెమటలు కారిపోతున్నాయి.

"మీరు లాగింది ఎక్కువైంది మేడం" అన్నాను పళ్ళు బిగబట్టి.

"నువ్వు తొక్కింది ఎక్కువైంది. మింగినదాని నోట్ల మళ్ళ కుక్కుతరా ఎవరన్నా? చోక్ మొత్తం లోపలికి నెట్టాలె, యాక్సిలరేటరు కిందిదాకా తొక్కిపట్టాలె, అప్పుడు చాబీ తిప్పాలె. అంతే."

"అయితే నెట్టండి మరి. చెయ్యి మీదే కదా దాని మీద."

ఆమె నెట్టారు, బండి లేచింది. పాఠశాల గేటు దగ్గర ఇక ఉండబట్టలేక అడిగేశాను. "చోక్ నాకు వదిలేయండి మేడం, నేనే చూసుకుంటాను." ఆమె కాలు జాగ్రత్తగా కింద పెట్టుకుంటూ, "నేర్చుకుంటవ్ తియ్. జల్దీ ఏముంది" అన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

రెండో ఏడు మార్చిలో పదో తరగతి పరీక్షలు వచ్చాయి. మర్నాడు లెక్కల పేపరు అనగా జోగమ్మ హాస్టల్లో లేదు. లెక్కల్లో నాకు ఆశ ఉన్న పిల్ల. తల్లికి కాన్పయిందని తండ్రి వచ్చి తీసుకెళ్ళాడు, పొద్దుటికల్లా పంపిస్తానన్నాడు. తెల్లారింది, జీపు మిగతా పిల్లల్ని ఎక్కించుకుని పరీక్షకు వెళ్ళిపోయింది, జోగమ్మ రాలేదు. అది మిరపకోతల కాలం. ఆ గూడేల నుంచి ట్రాలీలకు ట్రాలీలు జనం మిరపచేలకు పోతారు. ఈ ఒక్క పేపరు తప్పిందంటే ఆ పిల్ల కూడా వచ్చే ఏడు ఆ ట్రాలీలోనే ఉంటుంది, మళ్ళీ బడి మొహం చూడదు. ఈ సంగతి మేడంకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. "తియ్ బండి" అన్నారు.

గూడెం చేరేసరికి గుడిసె ముందు జోగమ్మ తల్లి కన్న పసిబిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. లోపల తల్లికి జ్వరం, లేచే స్థితిలో లేదు. తండ్రి కోతకు పోవడానికి సద్దిమూట కట్టుకుంటున్నాడు. మేడం ఆయనతో కోయలో మాట్లాడారు. నాకు మాటలు అందలేదు కానీ గొడవ అర్థమైంది. ఇంట్లో బిడ్డను పట్టేదెవరు, వండేదెవరు అని ఆయన. ఈ ఒక్క పూటేనని మేడం. ఎంతసేపటికీ తెగలేదు. నా ప్రాణం గడియారంలో ఉంది. పరీక్ష మొదలయ్యాక అరగంట దాటితే లోపలికి రానివ్వరు. చివరికి మేడం జోగమ్మ చేతిలోంచి బిడ్డను తీసుకుని అరుగు మీద కూర్చున్నారు.

"నేనుంట ఇక్కడ. నువ్వు పిల్లను తీస్కపో విజయా. వచ్చేటప్పుడు దవాఖానల నర్సమ్మను ఎక్కించుకరా."

జోగమ్మ హాల్‌టికెట్టు, పెన్నులు కవర్లో వేసుకుని పరుగున వచ్చి మేడం సీట్లో కూర్చుంది. మొదటిసారి చోక్ నా చేతికి వచ్చింది. ఇంజను పూర్తిగా చల్లారలేదు, వేడిగానూ లేదు. ఎంత లాగాలి? రెండేళ్ళ కసి అంతా కలిసి ఆఖరుదాకా లాగాను. తాళం తిప్పితే గుర్రుమంది, ఆగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ.

"వాసనొస్తంది టీచర్" అంది జోగమ్మ భయంగా.

ఈలోపు తండ్రి వచ్చి పిల్ల వైపు తలుపు మీద చెయ్యి వేశాడు. "బండి లేసేటట్టు లేదు టీచరమ్మా. దిగు బిడ్డా." నేను అరుగు వైపు చూశాను. మేడం ఇటు చూడనైనా చూడలేదు. బిడ్డను ఒళ్ళో వేసుకుని తీరిగ్గా జోకొడుతున్నారు. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. అవసరం లేని రోజులన్నీ చోక్ మీంచి చెయ్యి తియ్యని మనిషి, ఇవాళ ఈ పిల్ల బతుకు నా నెత్తిన పెట్టి పాటలు పాడుకుంటోందా? "ఒక్కసారి రండి మేడం" అని పిలిచాను. ఆమె లేవలేదు. ఆ కోపంలోనే చోక్‌ను ఒక్క గుద్దు గుద్ది లోపలికి తోశాను, యాక్సిలరేటరు కిందిదాకా తొక్కిపట్టి తాళం తిప్పాను. కాసేపు ఏడ్చింది, నల్లగా కక్కింది, లేచింది. తండ్రి చెయ్యి తీశాడు.

వాగు దగ్గర, చెక్‌పోస్టు దగ్గర నా చెయ్యి గుండీ మీదికి పోతూనే ఉంది, నెట్టడానికి ఏమీ మిగల్లేదని తెలిసినా. పరీక్ష సెంటరు గేటు మూసే వేళకు జోగమ్మ లోపలికి పరిగెత్తింది. ఆ పిల్ల వెనకాల నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

పరీక్ష అయ్యాక జోగమ్మనూ నర్సమ్మనూ తీసుకుని గూడేనికి వెళ్ళాను. తిరుగుదారిలో మేడం పక్కన కూర్చుని, ఏమీ జరగనట్టు, "మొత్తం లాగినవ్ గదా. అరుగు మీదికి కొట్టింది వాసన" అన్నారు. నేను బండి పక్కకు ఆపేశాను. పిలిస్తే ఎందుకు రాలేదని గట్టిగానే అడిగాను.

ఆమె నా వైపు చూశారు. "ఎట్ల రావాలె? బిడ్డను కింద పెట్టాలె గదా. నేను బిడ్డను కింద పెడితే ఆయన పిల్లను కిందికి దించుతుండె. బిడ్డ నా ఒళ్ళె ఉన్నంతసేపే పిల్ల నీ కార్ల ఉంటది." చోక్ గుండీ వైపు చూసి, "నాకు మాత్రం చెయ్యి గుంజలేదా ఏంది" అన్నారు.

బండి తీశాను. ఆమె మారిపోయారని, చోక్ నా చేతిలో పెట్టి దీవించారని రాస్తే బాగుంటుంది కానీ అదేమీ జరగలేదు. మర్నాడు పొద్దున్నే ఆ చెయ్యి మళ్ళీ గుండీ మీద ఉంది. "ఆగు. అది ఇంక నిద్రల ఉంది."

మేడం ఇప్పుడు లేరు. జోగమ్మ పాల్వంచ దగ్గర ఒక బడిలో లెక్కలు చెబుతోంది, అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. నా కారుకు చోక్ లేదు. మా బడిలో కొత్త టీచరు బోర్డు ముందు తడబడుతున్నప్పుడు, పిల్ల ఒక లెక్క దగ్గర ఆగిపోయినప్పుడు, నా చెయ్యి దానంతటది లేస్తుంది, లాక్కుని చేసి పడేద్దామని. అప్పుడు దొరికిందల్లా ఒళ్ళో పెట్టుకుంటాను, సంచో, పుస్తకాల కట్టో, ఎవరి బిడ్డనో. రెండు చేతులూ దాని మీద వేసి, అటు చూడకుండా కూర్చుంటాను. చాలామంది వాళ్ళంతట వాళ్ళే లేస్తారు.

జనరేటరాయన మీద అరిచిన రోజు నా ఒళ్ళో ఏమీ లేదు.