మీర్ భాయ్ చెప్పిన హేవాంద్

కువైట్‌లో, అబూ హలీఫాలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో పొద్దున్నే కిటికీ తెరిస్తే చలిగాలి చెవులకు తగిలింది. ఆ గాలి తగిలినప్పుడల్లా నా నోటికి 'హేవాంద్' అనే మాట వస్తుంది. పాకిస్తాన్‌లో చిత్రాల్ కొండల మధ్య కొద్దిమందే మాట్లాడే పాలూలా భాషలో అది చలికాలానికి పేరు. నేను ఈ దేశంలోనే వఫ్రా తోటలో వంట చేసిన రోజుల్లో, అక్కడ గొర్రెలు కాసే మీర్ భాయ్ నేర్పారు.

నాది మూడో తరగతి చదువు, ఆయనకు అదీ లేదు. ఇద్దరిదీ వచ్చీ రాని హిందీ. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాను. "మాకు బడిలో హేమంతం అని చెప్పారు భాయ్. ఇది దాని చుట్టమేనా?" అన్నాను. ఆయన తమ ఊళ్ళో పంతులుగా ఉన్న మేనల్లుణ్ణి ఫోన్లో అడిగి చెప్పారు. రెండూ సంస్కృతానివేనట. మనం పుస్తకాల్లోంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాం. వాళ్ళకు తాతల నోళ్ళలో నలిగి, 'మ' కాస్తా 'వ' అయి, చివర అరిగి వచ్చింది. చలికాలంలో అనాలంటే 'హేవాందా' అని చివర సాగదీస్తారు. పైగా అది పుంలింగమట.

"మాకు చలికాలానికి ఆడా మగా ఉండదు," అన్నాను.

"మాకు మగాడే బహెన్. పొమ్మంటే పోడు, పనీ చెయ్యడు."

ఆ మేనల్లుడే పిల్లలకు పాలూలాలో మొదటి వాచకం రాస్తున్నాడు. ఒక శుక్రవారం ఫోన్ చేసి, పిల్లలంతా ఉర్దూలో 'సర్దీ' అంటున్నారు కాబట్టి హేవాంద్ తీసేస్తున్నానన్నాడు. ఫోన్ పెట్టెయ్యకుండానే అది నాతో చెబుతుంటే మీర్ భాయ్ ముఖం పాలిపోయింది.

"చదువుకున్నవాడు, అతనికే తెలుస్తుంది. సర్దీ అని వేయించి ఖలాస్ చెయ్యండి భాయ్, అతని ఫోన్లో బ్యాలెన్స్ అయిపోతుంది," అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. నేనూ వినాలనేమో, ఫోన్లో హిందీలోనే అన్నారు. "పిల్లలకు తెలీదనే కదరా పుస్తకం రాస్తున్నావు? తెలిసినదానికి పుస్తకమెందుకు?"

గొంతు పెంచలేదు. అవతలి నుంచి, "ఉంచుతాను మామూ," అని వినిపించింది.

నాకు తలెత్తబుద్ధి కాలేదు. అప్పటిదాకా చదువుకున్నవాళ్ళు ఒక మాట వద్దంటే నేనూ దాన్ని మింగేసేదాన్ని. ఇప్పుడు మింగను. మొన్న "అట్లకాడ ఇటివ్వవే" అంటే మా మనవరాలు నవ్వింది. "స్పాచులా అనొచ్చుగా అమ్మమ్మా," అంది. ఆ పిల్ల అట్లకాడ అనేదాకా చెయ్యి చాపి నిలబడ్డాను. ఈలోగా అట్టు మాడింది. పారెయ్యలేదు, చెరిసగం తిన్నాం.