ఆయన బుక్ చేసిన కెమెరా

కెమెరా వచ్చిందన్న కబురు మొదట తెచ్చింది మా ఆడబిడ్డ సునీత. పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మా ఆయన, అది విడుదల కాకముందే బుక్ చేసి, చేతికి రాకముందే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. వద్దని చెప్పాలని కూడా తోచక, దిల్‌సుఖ్‌నగర్ షాపులో ఆయన రసీదు చూపించి తెచ్చుకున్నాను.

ఎల్బీ నగర్ బస్సులో, భుజాన కెమెరా సంచితో పక్కన నిలబడ్డ ఒక అన్న నా ఒళ్లోని డబ్బా చూశాడు.

“అక్కా, గిది నీకెట్ల దొరికింది? నేను గూడ బుక్ చేసిన, స్టాక్ లేదని తిప్పుతున్నరు. నా పెండ్లికి గూడ గింత ఎదురుచూడలే! వచ్చే వారం రెండు పెండ్లిళ్లున్నయి, పాతది పనిచేస్తలేదు.”

“మా ఆయన బుక్ చేశారన్నా. ఆయన ఇప్పుడు లేరు. మీరు తీసుకోండి,” అన్నాను. కన్నీళ్లు కూడా రాలేదు.

ఆ అన్న డబ్బా మీద చెయ్యి పెట్టి, వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

“ఒద్దక్కా. ఇయ్యాల ఇచ్చేస్తవు, రేపు ఏడుస్తవు. ఇంట్ల పెట్టుకో. నెలకోసారి బ్యాటరీ చార్జింగ్ పెట్టు, లేకుంటే ఖరాబైతది.”

పేరు అడగాలని తోచేలోపే దిగిపోయాడు.

నెలనెలా చార్జింగ్ పెడుతున్నాను. ఆ మాట పలికించిన దేవునికి స్తోత్రం. ఆ అన్నకు కెమెరా దొరికిందో లేదో నాకు తెలియదు. మీ ప్రార్థనలో ఆ అన్నను జ్ఞాపకం చేసుకోండి.