కార్వేటినగరంలో నలభై తొమ్మిదేళ్ల హద్దు

ఒక్క ఇంటి కోసం కార్వేటినగరానికి మూడోసారి బయల్దేరాను. జాతీయ ఆరోగ్య సర్వేలో కాంట్రాక్టు మీద ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగే పని నాది. లాటరీ తీసినట్టు ఎంచిన ఇంటికి తాళం ఉంటే పక్కింటి తలుపు తట్టకూడదు, మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి. మనకు వీలైన ఇళ్లనే ఏరుకోకుండా ఆపే మంచి నియమమే అది, అరిగేవి మాత్రం నా చెప్పులు. తిరుపతిలో ఏడింటికి పల్లెవెలుగు బస్సెక్కితే పుత్తూరు గంటన్నర, ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. అక్కడి నుంచి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు.

"మళ్లీ వచ్చినారా మేడమ్? ఆ ఇంట్లో ఏముండాదబ్బా!" అని ఆటో డ్రైవరు నవ్వాడు. మా ఆయన పోయిన ఈ మూడేళ్లలో ఇంట్లో పలకరించే దిక్కులేని నాకు ఆ నవ్వు కూడా బాగుంది.

ఈసారి తలుపు తీసే ఉంది. ఆమెను మంగమ్మ అందాం. మామిడికాయల జ్యూస్ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. అత్తను పక్కింటికి పంపేసి, చాప వేసి కూర్చుంది. "ఆడోళ్ల జబ్బులు గుట్టుగా అడుగుతారంట గదా మా. ఈ పొద్దు మళ్లీ వస్తావని పక్కింటోళ్లు సెప్పినారు, అందుకే పనికి పోకుండా కాసుకోని ఉండా."

ట్యాబ్ తెరిచి ముందు వయసడిగాను. యాభై ఒకటంది. ఈ ప్రశ్నలు నలభై తొమ్మిది దాటినవాళ్లకు లేవని చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను.

"ఆ పైన మాకు జబ్బులు రావా ఏంది? నలభై తొమ్మిదని రాసుకో. నేనెవరికీ సెప్పను."

రాయలేదు. ఒక్క అబద్ధం కలిస్తే నిజం చెప్పిన ఆడవాళ్లందరి మాటా చెడుతుంది. అలాగని లేచి రావడానికీ మనసొప్పలేదు. ట్యాబ్ మూసి, "ఇప్పుడు చెప్పమ్మా" అన్నాను. రెండేళ్లుగా తెల్లబట్ట, మంట, మొగుడు దగ్గరకొస్తే నరకం. ఎవరికీ చెప్పుకోలేదట. పుత్తూరు సర్కారు ఆసుపత్రికి లేడీ డాక్టరు మంగళవారం వస్తారని కాగితం మీద రాసిచ్చాను.

కాగితం మడిచి ఆమె నన్నే చూసింది. "నీకూ నా ఈడే గదా మా. నువ్వు సూపించుకుంటివా?"

వందల మందిని అడిగాను కానీ, నన్నెవరూ అడగలేదు. ముట్టు ఆగి నాలుగేళ్లయ్యాక, ఆరు నెలలుగా మళ్లీ కనబడుతున్న రక్తం గురించి మొదటిసారి నోరు విప్పాను. ఏడుపొచ్చింది.

"ఇంత సదువుకోని ఏం లాభం మా! మంగళవారం నేనొస్తా, నువ్వూ రా."

సర్వేని నేను తక్కువ చేయను. గుట్టు కాపాడుతుంది, తాళమేసిన ఇంటికీ తిరిగొస్తుంది. కానీ అడగని వయసులో వచ్చే బాధ దాని లెక్కలోకి రాదు, మా ఇద్దరి బాధా రాలేదు. తిరుగు బస్సులో పక్క సీటు ఎప్పటిలాగే ఖాళీ.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు దగ్గరి ఆసుపత్రికి లేడీ డాక్టరు వచ్చే రోజు ముందే కనుక్కుని వెళ్లండి. ఓపీ చీటీ కోసం ఎనిమిదిన్నరకే వరుసలో ఉండాలి. నా బస్సు ఆలస్యమైతే మంగమ్మ నాకు చోటు పెట్టి ఉంచుతానంది.